తలుపుకు అడ్డంగా మంచం

“మార్చి తొమ్మిదిన రెండు గుడ్లు తిన్నాను. ఆ తర్వాత మూడు రోజులు తిండీ లేదు, నిద్రా లేదు. మెలకువ మాత్రలు మింగుతూ లారీ నడిపాను,” అన్నాడు డ్రైవరు.

వ్యసన విముక్తి కేంద్రంలో ఉండి మాత్రలు మానడానికి వచ్చినవాళ్ళంతా గుండ్రంగా కూర్చుని వింటున్నారు.

“రోజూ మంచాన్ని తలుపుకు అడ్డంగా ఎందుకు జరుపుతున్నారు?” అని అడిగారు కౌన్సిలర్.

డ్రైవరు తల దించుకున్నాడు. “ఇక్కడికొచ్చాక మాత్ర ముట్టలేదు మేడమ్. అయినా ఎవరో వస్తున్నట్టు అడుగులు వినిపిస్తాయి. పిచ్చోడంటారని చెప్పలేదు.”

ఎవరూ నవ్వలేదు.

“నాకూ వినిపిస్తాయన్నా,” అన్నాడు అతని గదిలోనే ఉండే దర్జీ.

“మరి గుర్రుపెట్టి నిద్రపోతావేరా!”

“నువ్వు అడ్డం పడుకుంటున్నావుగా, ఆ ధైర్యం!”

ఈసారి అందరూ నవ్వారు. డ్రైవరు మాత్రం దర్జీ వంక అలాగే చూస్తుండిపోయాడు.

పడుకునే వేళకు మళ్ళీ అడుగులు.

“విన్నావా?”

“విన్నా. ఇవాళ నువ్వు గోడవైపు పడుకో అన్నా, కాపలా నాది,” అంటూ దర్జీ చప్పుడు కాకుండా తలుపు మూశాడు.