పొద్దుటి తిట్లు

"తిట్లు వచ్చాయా అమ్మాయ్?"

పొద్దున్నే మొహం కడుక్కోగానే ముసలాయన కోడలిని అడిగే మొదటి మాట అది. అడిగి, కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకున్నాడు. కళ్లలో శుక్లాలు ముదిరాయి. వేదిక మీద ఎంతమంది గొంతులు కోశాడో గానీ, కంటి ఆపరేషనంటే మాత్రం గడగడ వణుకుతాడు. అందుకని ఫోను చదివిపెట్టే పని కోడలి మీద పడింది.

కోడలు రొట్టె, గుడ్డు ప్లేటు ఆయన ముందు పెట్టి ఫోను తీసింది.

"వచ్చాయి మామయ్యా. నిన్నటి వీడియోకే. 'ఓరి ముసలి పీనుగా, నీ నవ్వు వింటే పాలు విరిగిపోతున్నాయి.'"

"భేష్! ఇంకా?"

"'తడి తువ్వాలు పరుపు మీద పడేసే రకంలా ఉన్నావు. నిన్ను భరించే ఇంట్లోవాళ్ల ఖర్మ.'"

ముసలాయన ఒక కన్ను తెరిచాడు. "మొహం చూసి ఎంత బాగా కనిపెట్టాడమ్మా! గట్టివాడే."

ఆనందంగా రొట్టె తుంచుకున్నాడు.

బతుకంతా నాటకాల్లో విలన్. ఆయన వేదిక మీదకి వస్తే చాలు, ముందు వరస ఆడవాళ్లు మెటికలు విరిచి శాపనార్థాలు పెట్టేవారు. ఒకసారి ఎవరో చెప్పు విసిరితే ఇంటికి తెచ్చి అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. హీరోగాడి పూలదండలు మర్నాటికే చెత్తబుట్టలోకి పోయాయి, నా చెప్పు చూడండి అంటాడు.

నాటక సంఘం మూతపడ్డాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి మానేశాడు. "మందులు రాస్తాను గానీ, మనిషికి బతకాలని ఉండాలి కదమ్మా" అని డాక్టరు పెదవి విరిచాడు. అప్పుడు కోడలే ఆయన పాత వేషాలు ఒక్కొక్కటీ వేయించి, వీడియోలు తీసి, లోకం మీదికి వదిలింది. తిట్లు మొదలయ్యాయి. మనిషి లేచి కూర్చున్నాడు. తిట్లు తగ్గిన రోజున ముద్ద దిగదు, మళ్లీ గోడవైపు తిరుగుతాడు.

సగం రొట్టె అయ్యేసరికి పక్కింటి హెడ్మాస్టరు వచ్చాడు. పాత స్నేహితుడు. ఉద్యోగం దిగిపోయాక ఈయన కూడా ఫోనులో నీతి ఉపన్యాసాలు పెడుతున్నాడు. మొహం వాడి వేలాడుతోంది.

"నా ఉపన్యాసం కింద ఎవడో 'సోది' అని రాశాడోయ్. నిన్నట్నుంచి నాకు అన్నం సయించట్లేదు."

"సోదేనా? ఇంకేం లేదా?"

"ఇంకేం కావాలి?"

"థూ నీ బతుకు చెడ!" అన్నాడు ముసలాయన రొట్టె నములుతూ. "రెండక్షరాలకే చచ్చిపోతున్నావా? నువ్వు దగ్గితే బడంతా లేచి నిలబడేది. ఎదురు చెప్పినవాడు లేడు. అందుకే నీ ఒళ్లు వెన్నముద్దయి కూర్చుంది. ఎండ తగిలితే కారిపోతున్నావు."

"నీకేం, సిగ్గు లేనివాడివి."

"సిగ్గా? 'బాగుంది' అని ఎవడైనా అంటాడయ్యా, చూడకుండా కూడా అంటాడు. తిట్టాలంటే కూర్చుని చూడాలి, మనసు పెట్టాలి. నీ సోదిగాడు నీకు రెండక్షరాలు ముష్టి పడేశాడు. నాకు రోజూ విందు. అమ్మాయ్, వినిపించు ఈయనకి!"

హెడ్మాస్టరుకి ఒళ్లు మండింది. "పెద్దంతరం చిన్నంతరం లేని వెధవలు! ఇటివ్వమ్మా ఫోను. ఒక్కొక్కడికీ బుద్ధొచ్చేలా సమాధానం రాస్తాను."

కోడలు ఫోను వెనక్కి దాచుకుంది. "వద్దు మాస్టారూ, మీరు చదవలేరు. మరీ ఘోరంగా ఉంటాయి."

"ఇవ్వమ్మాయ్," అన్నాడు ముసలాయన. "నీతులు చెప్పే గొంతులో తిట్లు ఎలా ఉంటాయో విందాం."

ఇక తప్పలేదు. హెడ్మాస్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. తెర పైకి జరిపాడు, కిందికి జరిపాడు. తలెత్తి కోడలి వంక చూశాడు. కోడలు తల దించుకుంది.

"ఏం మాస్టారూ, నోరు పడిపోయిందా?"

హెడ్మాస్టరు మళ్లీ ఫోను వంక చూశాడు.

"లేక... ఇవాళ్టికి అంతేనా?" ముసలాయన గొంతు సన్నబడింది. తింటున్న రొట్టె ప్లేటులో పెట్టేశాడు.

హెడ్మాస్టరు దగ్గాడు. ఒకప్పుడు బడంతా లేచి నిలబడ్డ దగ్గు అది.

"'ఒరేయ్ దున్నపోతా! నీ వేషం చూస్తే లెక్కల్లో సున్నా తెచ్చుకున్నవాడు కూడా మీసం మెలేస్తాడు. బెంచీ ఎక్కించి, చెవులు పట్టించి, సాయంత్రం దాకా నిలబెట్టాల్సిన మొహం నీది! ఎదుటివాడు ఏడుస్తుంటే రొట్టె నమిలే రాయివి నువ్వు!'"

"అబ్బబ్బ!" ముసలాయన తొడ చరిచాడు. "చదువుకున్న తిట్టయ్యా ఇది! అమ్మాయ్, ఇంకో రొట్టె వెయ్యి."

హెడ్మాస్టరు మొహం ఎర్రబడింది. నిన్నటి దిగులు ఎటు పోయిందో గానీ, కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఆగవోయ్, ఇంకా చాలా ఉన్నాయి. అమ్మా, నాక్కూడా ఒక రొట్టె వెయ్యి. కాస్త కాఫీ కూడా ఇవ్వు, గొంతు తడుపుకుని చదువుతాను."

కాఫీ కప్పు అందిస్తూ కోడలు ఆయన చేతిలోని ఫోను వంక బెదురుగా చూసింది: ఆ వీడియో కిందే కాదు, ఇన్నాళ్లూ తను పెట్టిన ఏ వీడియో కిందా లోకంలో ఒక్కరంటే ఒక్కరు ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు.