ఊరంతటికీ ఒక ముక్కు

"గడ్డ పుర్రె అడుగున, ముక్కుకి సరిగ్గా పైన ఉందమ్మా. ముక్కులోంచి వెళ్తే గాటు కనబడదు, కానీ వాసన పూర్తిగా పోతుంది. నుదురు తెరిస్తే వాసన కొంత మిగలొచ్చు, ప్రమాదం మాత్రం ఎక్కువ," అన్నాడు డాక్టర్ ప్యో.

"నుదురే తెరవండి. మా సున్‌చాంగ్ ఊళ్ళో ఏ ఇంటి జాడీలో పులియబెట్టిన సోయాముద్ద పండిందో, ఏది కుళ్ళిందో చెప్పేది నా ముక్కే," అన్నాను డాబుగా.

కోడలు యున్‌హ్వా తల వంచుకుంది. "అత్తయ్యా, మీకు వాసన తెలియక రెండేళ్ళయింది. మన జాడీయే కుళ్ళిపోయింది. మీరు బాధపడతారని ఆ ముద్దతో కాచిన పులుసే తాగుతున్నాం."

ఆ రెండేళ్ళూ నాలుకకి రుచి తెలియనిదానివని నేను సతాయించింది ఈ పిల్లనే.

"డాక్టరుగారూ, ముక్కులోంచే వెళ్ళండి," అన్నాను. "అక్కడ రెండేళ్ళుగా కాపలా ఎవరూ లేరట."