మారిన గుర్తుమాట

చాకో అడవిలో చీకటి పడ్డాక, నీళ్లకు వెళ్లిన దళం కోసం పరాగ్వే సైనికుడు ఎలీహియో కందకంలో కాపలా కాస్తున్నాడు. అతని తమ్ముడు సిరీలో ఆ దళంలోనే ఉన్నాడు.

కార్పొరల్ పాకుతూ వచ్చాడు. "గుర్తుమాట మారిందిరా. పాతది బొలీవియా వాళ్లకి తెలిసిపోయింది."

"మరి మనవాళ్లకెవరు చెప్తారు సార్?"

కార్పొరల్ అతని పక్కనే బోర్లా పడుకుని పొదలవైపు చూశాడు.

చాలాసేపటికి పొదల్లో నీళ్ల డబ్బాలు కొట్టుకున్న చప్పుడైంది. చీకట్లోంచి ఒక గొంతు పాత గుర్తుమాటే పలికింది. కార్పొరల్ తుపాకీ ఎత్తాడు. ఎలీహియో దాని గొట్టాన్ని ఒడిసిపట్టుకుని ఇంట్లో మాట్లాడుకునే గ్వారనీ భాషలో అరిచాడు.

"మనమ్మ పేరేంట్రా?"

"నికనోరా. కాల్చొద్దన్నా, నీళ్లు ఒలికిపోతాయి."

ఎలీహియో నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నీడలు వెన్నెల్లోకి వచ్చాయి. కార్పొరల్ లెక్కపెట్టాడు.

"వెళ్లింది ఐదుగురు కదూ?"

"అవును సార్."

"ఆరుగురున్నార్రా."

ఎలీహియో వాళ్లను అక్కడే ఆపి పేర్లు చెప్పమన్నాడు. ఐదు పేర్లు వినిపించాయి. ఆరో నీడ మాత్రం పలకలేదు.

"ఐదుగురమే అన్నా," అన్నాడు సిరీలో, వెనక్కి తిరిగి చూడకుండా.

కందకం పొడుగునా తుపాకులు సిద్ధమవుతున్న చప్పుడు, ఒకదాని తరవాత ఒకటిగా మొదలైంది.

"ఎవరూ కాల్చకండి," అన్నాడు ఎలీహియో. ఆ చప్పుడులో ఆ మాట అతనికే వినపడలేదు.