మాఘమాసపు తీర్థం

కల్లు రుచి చూడాలంటే ఏ నెల మంచిదని బందరు గుమాస్తా లక్ష్మీపతి అడిగితే, దివిసీమ స్నేహితుడు తడుముకోకుండా చెప్పాడు. "మాఘంలో రండి. చలికి ఈతకల్లు త్వరగా పులియదు, తియ్యగా ఉంటుంది. ఎండాకాలపు తాటికల్లు మీరు తట్టుకోలేరు."

లక్ష్మీపతికీ మాఘమే నచ్చింది. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవిలో సంగమస్నానానికని చెబితే ఇంట్లో ఎవరూ ఆరా తీయరు. తల్లి మురిసిపోయి రాగిచెంబు చేతికిచ్చింది. "నేనెలాగూ రాలేను. కాస్త తీర్థం పట్రా నాయనా."

ఈతచెట్ల కింద స్నేహితులిద్దరూ ఆ మాటే పట్టుకున్నారు. "ఇంకాస్త తీర్థం పుచ్చుకోండి" అనుకుంటూ నవ్వుకున్నారు. స్నానం మాట మరిచిపోయారు. బయల్దేరేటప్పుడు లక్ష్మీపతి చెంబు గుర్తొచ్చి, "దీన్నిండా తీర్థం పట్టుకురా" అని కల్లుగీసే అతనికిచ్చాడు. అతను నింపి, మూత బిగించి తెచ్చాడు.

మర్నాడు ఇంట్లో మూత తీస్తే నురగ పొంగింది. పులిసిన వాసన గుప్పుమంది.

"వద్దమ్మా, దారిలో పాడైపోయింది" అన్నాడు లక్ష్మీపతి.

తల్లి అప్పటికే ఉద్ధరిణితో మూడుసార్లు పుచ్చుకుని, తడిచెయ్యి కళ్ళకద్దుకుంది.

"పాడవలేదురా. సంగమం నీళ్ళు ఉప్పగా ఉంటాయంటారు గానీ, నాకు తెలియదూ? మీ నాన్నగారు ఉన్నన్నాళ్ళూ ఏటా మాఘంలో వెళ్ళి తెచ్చేవారు. ఆ తీర్థమూ ఇలాగే పుల్లగా ఉండేది."