ఏటి అవతలి పద్దు

"కొట్టెయ్యి," అన్నాడు ప్రతిపక్ష నాయకుడు, బడ్జెట్ పుస్తకం మీద వేలు ఆనించి. "ఏటికి అవతల ఉన్నది మూడొందల గడప. వాళ్ళకో కాన్పుల ఆసుపత్రా? ఇది తీసేస్తేనే మావాళ్ళు చెయ్యెత్తుతారు."

"తియ్యను మాస్టారూ," అంది ఆర్థికమంత్రి.

చిన్నప్పుడు ఆమెకు ఎక్కాలు నేర్పింది ఆయనే. ఇప్పుడు బల్లకు చెరోవైపు కూర్చున్నారు. తొమ్మిది రోజులుగా ఇదే పాట. ప్రభుత్వానికి నాలుగు ఓట్లు తక్కువ. ఎల్లుండిలోగా బడ్జెట్ గట్టెక్కకపోతే రాష్ట్రమంతా జీతాలు ఆగుతాయి, మందులు ఆగుతాయి.

మూలన కూర్చుని మాటలు రాసుకుంటున్న కార్యదర్శికి ఒళ్ళు మండింది. పెద్దాయన ఒంటికాయ సొంటికొమ్ము. నలభై ఏళ్ళ కిందట భార్య పోయింది. మళ్ళీ పెళ్ళి లేదు, పిల్లలు లేరు. కాన్పు కష్టం రాయికేం తెలుసు?

నిజానికి ఆ ఆసుపత్రి మంత్రి పార్టీకీ ముద్దు కాదు. మొదటిరోజు పార్టీ పెద్దే ఫోన్ చేసి, "ఓట్లు రాలని చోట ఆసుపత్రెందుకు? తీసెయ్," అన్నాడు. మర్నాడు పెద్దాయన సభలో లేచి అదే పద్దును దుమ్మెత్తిపోశాడు. సాయంత్రానికి పార్టీ పెద్ద మాట మారింది. "ముసలాడు వద్దన్నాడా? అయితే కట్టి తీరాలి. ఆయన అడిగింది ఒక్కటీ ఇవ్వకు. వద్దన్నది ఒక్కటీ ఆపకు."

మంత్రి కప్పు ముందుకు జరిపింది. "చక్కెర వెయ్యలేదు. తాగండి, దగ్గుతున్నారు."

"టీ పోసి లొంగదీద్దామనా?"

"మీరు లొంగే మనిషైతే నా వీపు ఇన్ని దెబ్బలు తినేది కాదు."

పెద్దాయన మీసం కదిలింది. "ఈ మొండితనం ఎక్కడ నేర్చావే?"

"మీ బళ్ళోనే."

ఆయన టీ తాగాడు. కప్పు బోర్లించినట్టు పైకెత్తి, చివరి చుక్క దాకా తాగాడు. తర్వాత నిట్టూర్చాడు.

"సరే, కట్టుకో. జీతాలు ఆగిన పాపం నా నెత్తికెందుకు? ఓటేస్తాం. కానీ ఈ పద్దు దండగని నా చేత్తో రాసి మరీ సంతకం పెడతా."

రాశాడు. ప్రతి అక్షరం కిందా చిన్న తోక తిప్పుతూ, తీరిగ్గా రాశాడు.

"ఇంకా ఆ తోకలు మానలేదా మాస్టారూ?" అంది మంత్రి.

"చచ్చేదాకా మానను. మీలో ఒక్కరికైనా వచ్చిందా ఈ రాత?"

కర్ర తీసుకుని, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. తలుపు మూసుకోగానే కార్యదర్శి నవ్వాడు.

"ముసలాడి పొగరు అణిగింది మేడమ్! తొమ్మిది రోజులు అరిచి, ఏం సాధించినట్టు?"

మంత్రి నవ్వలేదు. ఆయన తాగిన కప్పును జాగ్రత్తగా పక్కన పెట్టింది.

"ఆసుపత్రి ఫైలు కట్టెయ్యి. అడుగున ఏటి అవతలి ఊరివాళ్ళ అర్జీ ఉంటుంది. బడ్జెట్ నెగ్గేదాకా అది మనవాళ్ళ కంట పడకూడదు."

"ఉత్త అర్జీయేగా మేడమ్, అందులో ఏముంది?"

ఆమె కిటికీలోంచి కిందికి చూస్తోంది. కర్ర పొడుచుకుంటూ మెట్లు దిగుతున్నాడు పెద్దాయన.

కార్యదర్శి అర్జీ బయటికి లాగాడు. కింద వేలిముద్రలు. పైన ఒకే వాక్యం: 'నొప్పులొచ్చిన ఆడది ఇకమీదట పడవలో ప్రాణం వదలకూడదు.'

ప్రతి అక్షరానికీ తోక ఉంది.