పక్కకు జరిగిన బెజ్జం

పెద్ద వరద వచ్చి యాభై నాలుగేళ్లయింది.

“ఆ బెజ్జం పక్కకు కొట్టింది మీరేనాండీ?”

గుమ్మంలో ఒక అమ్మాయి. చంకలో పలచటి చదరపు సంచి. పెద్దాయన తలుపు వేయబోయాడు.

“కాదు.”

“ఆయనే అమ్మా!” లోపలి నుంచి భార్య కేకేసింది. “మనవలు కూడా బెజ్జం తాతా అనే పిలుస్తారు. రా లోపలికి.”

పెద్దాయన ఒకప్పుడు పాటల రికార్డులు ఒత్తే కార్ఖానాలో పనిచేశాడు. అచ్చురేకుకు నడిమధ్యన బెజ్జం కొట్టడం ఆయన పని. రేకు మీద అది వెంట్రుకవాసి జరిగినా, ఆ రేకుతో ఒత్తిన ప్రతి రికార్డులోనూ పాట ఊగుతుంది. ఏడేళ్లలో తప్పిందన్నది ఒక్క రేకే. అది సొంత బామ్మర్దిది.

బామ్మర్ది ఆ రోజుల్లో జుట్టు పెంచి, పూల చొక్కా తొడిగి పన్నెండు పాటలు పాడాడు. మొదటి రికార్డును యజమాని తన గదిలో తిప్పాడు. పాట తాగినవాడు మెట్లు దిగినట్టు దిగింది.

“మా బావ బెజ్జం పక్కకు కొట్టాడండీ,” అన్నాడు బామ్మర్ది అడక్కుండానే.

యజమాని కొలవలేదు. పిలిచి అడగలేదు. మధ్యాహ్నానికల్లా పెద్దాయన్ని పనిలోంచి తీసేశాడు. “నా చెయ్యి తప్పదు. ఒక్క రికార్డు చూపించండి,” అని ఆయన రెండు రోజులు గేటు దగ్గర నిలబడ్డాడు. మూడో రోజు వరద వచ్చింది. గోదాములో ఉన్న ఐదొందల రికార్డులూ కొట్టుకుపోయాయి. కార్ఖానా మళ్లీ తెరవలేదు. ఆయన తాళాలు బాగుచేసుకుని బతికాడు. అన్నీ మునిగాయి గానీ బెజ్జం అన్న పేరు మాత్రం మునగలేదు.

అమ్మాయి సంచిలోంచి నల్లటి రికార్డు తీసి బల్ల మీద పెట్టింది.

“యజమాని ఇంటికి పట్టుకెళ్లింది ఒక్కటే మిగిలింది తాతగారూ. వాళ్ల మనవడికి అలమరా వెనక దొరికింది. మా కంపెనీ మళ్లీ అచ్చు వేస్తోంది. సైకెడెలిక్ పాప్! ఆ రోజుల్లోనే ఇలాంటిది వచ్చిందని ఎవరికీ తెలీదు.”

“సైకిలా?” అంది భార్య.

“సైకెడెలిక్, బామ్మగారూ. వింటుంటే గోడలు కరిగిపోతున్నట్టు ఉంటుంది.”

“మా తమ్ముడు పాడితే పక్కింటివాళ్లే కరిగిపోయారు. నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేశారు.”

అమ్మాయి ఫోనులో పాట వినిపించింది. గొంతు లేచింది, జారింది, మళ్లీ లేచింది. పెద్దాయన నేలచూపులు చూశాడు.

“ఈ ఊపే దీని ప్రాణం,” అంది అమ్మాయి. “రెండు పాటలు ఇంటర్నెట్లో పెడితే పది రోజుల్లో లక్షమంది విన్నారు. ఈ ఊపు ఎవరిదో అట్ట మీద వేయాలి. యజమాని కాగితాల్లో మీ పేరు పక్కన ‘బెజ్జం తప్పు’ అని ఉంది. ఔనని రాసి సంతకం పెట్టండి. పాటగాడి కన్నా పైన మీ పేరు వేస్తాం.”

“అబద్ధం!”

బామ్మర్ది గుమ్మంలోనే అరిచాడు. జుట్టుకు వేసుకున్న రంగు ఇంకా ఆరలేదు. అక్క ఫోను చేసిన పావుగంటకే వచ్చేశాడు.

“ఆ ఊపు నాది. గొంతుతో తెచ్చాను.”

“మరి అప్పుడు బెజ్జం అన్నావుగా?” అంది అక్క.

“కుర్రతనం అక్కా. కళ అని చెప్పుకోడానికి సిగ్గేసింది.”

“నీకు సిగ్గా? అదెప్పుడు?”

బామ్మర్ది పెద్దాయన పక్కన చేరాడు.

“బావా, నా చెయ్యి తప్పదని నువ్వే అనేవాడివి. ఇప్పుడూ ఆ మాటే అను. నీ పరువూ దక్కుతుంది, నా పాటా దక్కుతుంది.”

పెద్దాయన వాడి మొహంలోకి చూశాడు. ఆ మాట వీడి నోట వినాలని ఇన్నేళ్లూ కాచుకున్నాడు. ఇప్పుడు వచ్చింది, వాడి అవసరానికి.

“నా చెయ్యి తప్పలేదంటావు?”

“తప్పలేదు బావా! అక్క మీద ఒట్టు.”

“నువ్వు ఒట్టేశావంటే తప్పే ఉంటుంది.”

“నా మీద ఎందుకురా వేస్తావు, నీ మీద వేసుకో!” అని తమ్ముణ్ణి కసిరి, భార్య ఆయన వైపు తిరిగింది. “తప్పు ఒప్పయినప్పుడైనా ఒప్పుకోండి.”

యాభై నాలుగేళ్లు అందరూ ఒకే మాట అంటుంటే ఎవడికైనా తన చెయ్యి మీద తనకే అనుమానం వస్తుంది. పెద్దాయన కలం అందుకున్నాడు. “బెజ్జం నేనే పక్కకు కొట్టాను” అని కూడబలుక్కుంటూ రాశాడు. కాసేపు ఆగి, కింద “కావాలనే” అని కలిపాడు. సంతకం పెట్టాడు.

“నా గొంతు పోయింది బావా!” అన్నాడు బామ్మర్ది.

“ఎప్పుడో పోయింది. నీకిప్పుడు తెలిసింది.”

వాడు కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. పాటలన్నీ ఎక్కించేసుకున్నాం, ఇది మీ దగ్గరే ఉండనివ్వండి అని రికార్డు వదిలేసి అమ్మాయి వెళ్లింది. సాయంత్రంలోగా భార్య వీధి వీధంతా చెప్పి వచ్చింది. ఎదురింటి దర్జీ వచ్చి పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపి, “మహా చెయ్యండీ ఇది,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన అటక మీంచి పనిముట్ల పెట్టె దింపాడు. ఇంత పేరు తెచ్చిన తప్పు ఎంతుందో చూసుకుందామని, కొలతలు తీసే కాలిపర్ తుప్పు గీకి, రికార్డును కిటికీ వెలుగులో పెట్టుకున్నాడు. బెజ్జం అంచు నుంచి చివరి గాడి దాకా నాలుగు పక్కలా కొలిచాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కొలిచాడు.

బెజ్జం నడిమధ్యనే ఉంది.