పళ్లెంలో ఫ్లాపీ

వెండి పళ్లెంలో తమలపాకుల మధ్య పెట్టిన ఫ్లాపీకి చంద్రకాంతమ్మ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. అది చూడగానే నందిని గుండె జారిపోయింది.

"సూసినావా అమ్మాయ్? నాలుగొందల మంది రైతులు, ఎవురి తోట యాడుండాది, యా రకం కాయ, అంతా దీంట్లోనే ఉండాది," అన్నాడు చంద్రకాంతమ్మ భర్త దొరస్వామి. బంగారుపాళ్యంలోని ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆయనదే. "పదీ పదకొండుకి ముహూర్తం. అందరి ముందరా నేను మీట నొక్కినానంటే మొదటి రైతు టోకెన్ చీటీ బయటికి రావాల. రాలేదో, మీ కంపెనీ మళ్లా నా గడప తొక్కాల్సిన పన్లేదు."

"సరే సార్," అంది నందిని.

ఆ 'సరే సార్' అన్న మాటే ఆమె కొంప ముంచింది. తిరుపతిలో ఆరుగురు పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లది. లీడరుగా ఆమెకిదే మొదటి పని. ఓనరు గోవిందస్వామి ఆమెను మాటమాత్రం అడక్కుండా, దొరస్వామి పంచాంగంలో చూసి పెట్టిన తేదీకి తలూపి వచ్చాడు. సరే సార్ అంది. తోతాపురి మామిడికి ఒక రంగు చీటీ, నీలం రకం కాయకి ఇంకో రంగు అని దొరస్వామి నెలకో కొత్త కోరిక కోరాడు. దానికీ సరే సార్ అంది. శనివారం శనివారం పంపే రిపోర్టులో 'తొంభై శాతం పూర్తి' అని రాసింది. ఎనిమిది శనివారాలు ఆ తొంభై తొంభైగానే ఉంది.

రైతుల జాబితా ఇమ్మని ఒకసారి అడిగితే, "మా పని ఎప్పుడో అయిపాయ. ముందు మీది సూడండి. జాబితా ముహూర్తం నాడు ఫ్లాపీలో పెట్టి ఇస్తా," అని దొరస్వామి కసిరాడు. తన బండారం ఎక్కడ బయటపడుతుందోనని ఆమె మళ్లీ నోరెత్తలేదు.

నిజానికి మొదటి తెర తప్ప ఏదీ పనిచేయదు. ఫ్లాపీలోంచి పేర్లు ఎక్కించబోతే ప్రోగ్రాం అక్కడే కొయ్యబారిపోతుంది. ఇవాళ తేడా వస్తే రేపటి నుంచి ఆఫీసుకు రావద్దని గోవిందస్వామి చెప్పే పంపాడు. నాయన మంచం పట్టినప్పటి నుంచీ ఇల్లు గడిచేది ఆమె ఉద్యోగం మీదే.

గదినిండా రైతులు. చిన్నబ్బ అనే ముసలాయన కంప్యూటరు ముందుకు వంగి, "నా పేరు యాడుండాదో సూపీమ్మా," అన్నాడు. నందిని తలెత్తి చూసింది. గడియారంలో పదీ ఏడు.

ప్రోగ్రాం రాసే మునిశేఖర్ ఆమె చెవి దగ్గరకొచ్చాడు. "అక్కా, ఈ గది ఫీజు పీకేద్దామా? కరెంటు పోయిందనుకుంటారు. యూపీఎస్ కూడా లేదు."

"నోర్మూసుకో. ఎవరైనా చూసినారంటే పరువు కూడా పోతాది."

మునిశేఖర్ బయటికి పోయాడు. ఆపాల్సింది కానీ, నిజం చెప్పాలంటే ఆమెకు ఆపాలని లేదు. ఆ వెనకే దొరస్వామి కూడా, "కాళ్లు కడుక్కోనొస్తా," అంటూ లేచాడు.

రెండు నిమిషాలకు ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది.

"ఏందప్పా ఇది! సరిగ్గా ముహూర్తానికేనా కరెంటు పొయ్యేది?" తడికాళ్లతో లోపలికొస్తూ అరిచాడు దొరస్వామి. కాసేపు చిటపటలాడి, "సరే, కర్పూరం ఎలిగించండి. టెంకాయ కొడితే ముహూర్తం సెల్లినట్టే. మీట సంగతి మూడు వారాలైనాక సూద్దాం," అన్నాడు.

నందినికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. హారతి అయింది. అందరూ భోజనాలకు కదిలారు. గదిలో ఇద్దరే మిగిలాక ఆమె మునిశేఖర్ మీద విరుచుకుపడింది. "వద్దంటే ఎందుకు పీకినావు?"

"అమ్మతోడు, నేను కాదక్కా! బోర్డు యాడుండాదో ఎతుక్కోని నేను పొయ్యేలోపలే ఫీజు తీసి దాని మీద పెట్టేసుండారు. అయ్యగారు ఆ పక్కన కొళాయి కాడే ఉండారు. నన్ను ఎగాదిగా సూసినారు."

నందిని గుమ్మం వైపు చూసింది. ఆయన చూశాడు. పీకింది వీడేననుకుని ఉంటాడు. భోజనాలు కాగానే పిలిచి అందరి ముందూ కడిగేస్తాడు.

"మనమే ముందు పోయి నిజం చెప్పేద్దాం," అంది. "ఫీజు పెట్టు. జాబితా ఎంతుందో చూస్తే ఇంకెన్ని రోజులు కావాలో చెప్పొచ్చు."

కరెంటు వచ్చింది. కుంకుమ తుడిచి ఫ్లాపీ లోపలికి నెట్టింది. డ్రైవు గరగరలాడి ఆగింది. తెరను రెండుసార్లు చదివింది.

అది కొత్త ఫ్లాపీ, లోపల ఒక్క పేరు కూడా లేదు.